పాత మేడలో అలికిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల పాత మేడల్లో, మండువా లోగిళ్లలో, తాళం పడిన బంగ్లాల్లో "ఏదో ఉంది" అని ఎవరైనా చెబితే వెళ్లి చూసే నలుగురం మేము. ఒకరు రిటైరైన సివిల్ ఓవర్సీరు, ఒకరు ఎలక్ట్రీషియన్, ఒకరు కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతారు, రాతకోతలు చూసేది నేను. ఫీజు లేదు, తాయెత్తులు లేవు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడితే ఫోన్లో గంటలకొద్దీ చెప్పే పని తప్పుతుందని ఇది మొదలుపెట్టాను.

మీరు దయ్యాలను నమ్ముతారా?

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. నలుగురిలో ఇద్దరం నమ్మం. ఒకాయన నమ్ముతారు. ఇంకొకాయన నమ్మనంటూనే అమావాస్యనాడు మాత్రం ఏదో పనుందంటారు. దీనివల్ల పనికి అడ్డం రాలేదు. ఎందుకంటే దయ్యాలు ఉన్నాయా లేవా అని తేల్చడానికి మేం వెళ్లడం లేదు. ఫలానా గదిలో, ఫలానా వేళకి మీకు వినబడిందేమిటి, అది ఎక్కణ్నుంచి వచ్చింది, అంతవరకే. అందుకని దయ్యాన్ని చూపించమన్నా, లేదని ఒట్టేసి చెప్పమన్నా మావల్ల కాదు.

రాత్రిపూట చప్పుళ్లు వస్తున్నాయి. మిమ్మల్ని పిలిచే ముందు మేం ఏం చెయ్యాలి?

ఒక నోటుబుక్కు కొనండి. తేదీ, టైము, ఏ గది, ఎలాంటి చప్పుడు, ఎంతసేపు, అప్పుడు కరెంటు ఉందా పోయిందా, గాలి వీస్తోందా, ఇంట్లో ఎవరెవరు ఎక్కడ పడుకున్నారు. పదిహేను రోజులు రాయండి. ఇంట్లో ఎవరి పుస్తకం వారిదే. రాసేవరకూ ఒకరితో ఒకరు చెప్పుకోవద్దు. ఇది చాలా ముఖ్యం. రాత్రి ముగ్గురు మూడు రకాలుగా విన్నది పొద్దున కాఫీ అయ్యేసరికి ఒకే కథ అయి కూర్చుంటుంది. ఆ తర్వాత ఎవరిని అడిగినా ఆ ఒక్క కథే వస్తుంది.

విజయనగరం కంటోన్మెంటు వైపు ఒక ఇంట్లో పెరటి తలుపు రాత్రి రెండింటికి ఎవరో కుదుపుతున్నట్టు గడగడలాడేది. ఆ ఇంటావిడ పద్ధతిగా రాసిన మనిషి. పదకొండు రోజుల రాతలో తొమ్మిది రోజులు అటూ ఇటూ ఐదారు నిమిషాల తేడాతో అదే టైము. ఒకరోజు మాత్రం మూడూ ఇరవై. ఆ పుస్తకం చూసి మా ఎలక్ట్రీషియన్ నవ్వి, ఫోన్లో రైలు రాకపోకలు తీసి చూపించాడు. ఆ రాత్రి ఒక ఎక్స్‌ప్రెస్ గంటా పావు లేటు. హౌరా-చెన్నై లైను ఊళ్లోంచే పోతుంది, రాయపూర్ లైను ఇక్కడే కలుస్తుంది. ఇంతకాలం లేని చప్పుడు ఇప్పుడెందుకంటారా? అంతకుముందు నెలలోనే తలుపు బందులు మార్చారు. కొత్త గడియ వదులుగా ఉంది. రబ్బరు ముక్క ఒకటి దూర్చాం, ఆగింది.

మేడ మీద ఎవరో నడుస్తున్నారు. పైన చూస్తే ఎవరూ ఉండరు. ఏమిటది?

మాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. అడుగుల చప్పుడంటే ముందు పైకప్పు ఏ రకమో చూడాలి. పాత మేడలకు టేకు దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద ఇటుక పేర్చి డంగుసున్నం దట్టించి ఉంటుంది. పగలంతా ఎండకు కాగిన కర్ర రాత్రి చల్లబడుతూ సర్దుకుంటుంది. సర్దుకునేటప్పుడు ఒక దూలం టక్కుమంటుంది, తర్వాత పక్కది, తర్వాత ఆ పక్కది. కింద పడుకున్నవాడికి ఎవరో గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినట్టే ఉంటుంది. మీద రేకుల షెడ్డు వేసి ఉంటే మరీను. ఇలాంటి చప్పుడు పొద్దు కుంకిన తర్వాత మొదలై, అర్ధరాత్రి దాటాక పలచబడుతుంది. వేసవిలో ఎక్కువ, వానాకాలంలో తక్కువ.

అర్ధరాత్రి దాటాక మొదలై, తెల్లవారుజామున మళ్లీ వస్తే అది ప్రాణి. పాత పెంకుటిళ్ల అటకల్లో, మేడల సందుల్లో మానుపిల్లి ఉంటుంది. మన ఊళ్లలో చాలామంది దాన్ని చూడనే చూడలేదు, ఎందుకంటే అది పగలు పడుకుంటుంది.  మెత్తగా నడవదు, దబదబా నడుస్తుంది. బొబ్బిలి దగ్గర ఒక లోగిలిలో ఇది కనిపెట్టడానికి మా ఓవర్సీరుగారు వాడిన సాధనం పావుకిలో ముగ్గుపిండి. పాత పేపర్లు పరిచి వాటి మీద పలచగా జల్లి, గది తాళం వేసి వచ్చాం. పొద్దున్నే చూస్తే ఐదు వేళ్ల పాదముద్రలు, పక్కన ఈతగింజలున్న పెంట. ఇంటి పెద్దాయన మాత్రం కొంచెం నిరాశ పడ్డారు. "మా తాతగారనుకున్నాం" అన్నారు. (పిండి నేల మీద నేరుగా జల్లకండి, చీమలు పడతాయి, పాత గచ్చుకు మరక పడుతుంది.)

ఎవరో గురక పెట్టినట్టు, ఒగర్చినట్టు వినబడితే తెల్లటి ముఖమున్న గుడ్లగూబ పిల్లల్ని పెట్టిందేమో చూడండి. పిల్లలు తల్లి కోసం బుసకొట్టినట్టు అరుస్తాయి. తల్లి అరుపు ఆడమనిషి కీచుమన్నట్టుంటుంది. తెల్లగా, రెక్కల చప్పుడనేదే లేకుండా కిటికీ దాటి పోతుంది. ఆ పక్షిని మొదటిసారి చూసిన రాత్రి నేనూ రెండడుగులు వెనక్కి వేశాను.

దొరగారి చుట్ట వాసన వస్తుంది. కాల్చే మనిషి లేడు, నిప్పు కూడా కనబడదు. దీనికేమంటారు?

ఇది శ్రీకాకుళం జిల్లాలో నాగావళికి దగ్గరగా ఉన్న ఒక పాత బంగ్లా సంగతి. తెలిసినవాళ్లు ఎలాగూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను, ఊరి పేరు మాత్రం చెప్పను. రాత్రి తొమ్మిది దాటాక వెనక వరండాలో చుట్ట వాసన. కట్టించిన దొర చుట్టలు కాల్చేవాడని ఊరంతా చెప్పుకుంటారు. వాచ్‌మన్‌ను అడిగితే, "నాను సూసినాను బావూ, నిప్పు కూడా నేదు, వట్టి వాసనే" అన్నాడు. నిప్పు లేకుండా చుట్ట వాసన రావడమే ఆ కథకు బలం.

రెండు రాత్రులు వరండాలో కూర్చున్నాం. వాసన నిజమే, మాకూ వచ్చింది. మూడో రాత్రి చరిత్ర మాస్టారు టార్చి ఆర్పేసి, గోడకు అటువైపు సందులోకి వెళ్లి నిలబడ్డారు. అక్కడ అరుగు మీద ఒక ముసలామె కూర్చుని అడ్డపొగ తాగుతోంది. మన వైపు పుట్టినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెబుతున్నా: చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోటిలోపలికి పెట్టుకుని తాగుతారు. బయటికి నిప్పురవ్వ కూడా కనబడదు. ఆమెకు ఈ కథంతా చెబితే పగలబడి నవ్వింది. "నాను సచ్చిపోనేదురా అయ్యా" అంది. (అడ్డపొగ వల్ల అంగిలికి కేన్సరొస్తుందని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. మాస్టారు ఆ మాట కూడా చెప్పారు, ఆమె వినలేదు.)

ఒక గదిలో అడుగుపెట్టగానే చల్లగా ఒళ్లు జలదరిస్తుంది. మిగతా ఇల్లంతా వేడిగానే ఉంటుంది. ఎందుకు?

రెండడుగుల మందం గోడ ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. దానికి తోడు ఉత్తరం వైపు గదైతే, నేలలోంచి తేమ పైకి పాకుతుంటే, ఆ తేమ ఆరేటప్పుడు గోడ చల్లబడుతుంది, కుండలో నీళ్లు చల్లబడ్డట్టే. చాలా ఇళ్లలో ఈ తేమను మనమే పెంచుకున్నాం. సున్నపు గోడకు ఊపిరాడుతుంది. దాని మీద "గట్టిగా ఉంటుంది" అని సిమెంటు పూత పూసి, పైన ఆయిల్ పెయింటు వేస్తే లోపలి తడి బయటికి పోలేక ఇంకా పైకి ఎక్కుతుంది. బూజువాసన, ఉప్పు పొరలు, మనిషి ఆకారంలో మరకలు, అన్నీ అక్కణ్నుంచే. గోడ మీద ముఖం కనబడుతోందని పిలిచిన మూడు ఇళ్లకు మేం చెప్పిన మందు ఒక్కటే: సిమెంటు పూత చెక్కించేసి మళ్లీ సున్నం వేయించండి. ఒక్కరే వేయించారు.

నిద్రలో ఎవరో గుండెల మీద ఎక్కి కూర్చుంటున్నారు. అరవబోతే గొంతు రాదు.

ఇది ఇంటికి సంబంధించింది కాదు, నిద్రకు సంబంధించింది. కలలు వచ్చే దశలో మన ఒళ్లు కదలకుండా మెదడే బిగించి పెడుతుంది. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి, ఆ బిగింపు వదలడం కొన్ని క్షణాలు ఆలస్యమవుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, కల ఇంకా నడుస్తూ ఉంటుంది. గదిలో ఎవరో ఉన్నట్టు, ఛాతీ మీద బరువు పెట్టినట్టు అనిపించడం దేశదేశాల్లో ఉన్నదే. నిద్ర చాలనప్పుడు, షిఫ్టు డ్యూటీల్లో, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ. ముందు ఏదో ఒక వేలు కదపడానికి ప్రయత్నించండి. మాటిమాటికీ వస్తుంటే డాక్టరుకు చూపించండి. ఇల్లు మారితే పోదు.

ఇంట్లో అందరికీ తలనొప్పి, వికారం, ఏవో గొంతులు వినిపిస్తున్నాయి. గాలి సోకిందంటున్నారు.

ఈ ఒక్కదానికి మాకు ఫోన్ చేసి కూర్చోవద్దు. ముందు కిటికీలు తెరిచి, అందర్నీ బయటికి తీసుకురండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, వరండాలో తిరిగే జనరేటరు, పొగ సరిగా పోని గీజరు, వీటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మగత, భ్రమలు, ఆఖరికి ప్రాణం పోవడం. 1921లో అమెరికాలో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక కుటుంబం కథ అచ్చు వేశాడు. పాత ఇంట్లోకి మారిన దగ్గర్నుంచి అడుగుల చప్పుళ్లు, ఎవరో చూస్తున్నట్టు అనిపించడం, పిల్లలు పాలిపోవడం, కుండీల్లో మొక్కలు వాడిపోవడం. చివరికి చూస్తే ఇల్లు వెచ్చబెట్టే కొలిమి పాడై, పొగ గొట్టంలోకి పోకుండా ఇంట్లోకి వస్తోంది. పాత మేడలను ఫంక్షన్ హాళ్లుగా మార్చి, జనరేటరు మెట్ల కింద పెట్టే అలవాటు మన దగ్గరా ఉంది. మా ఎలక్ట్రీషియన్ ఎక్కడికెళ్లినా మొదట చూసేది అదే.

ఇంట్లో ఒక్కరికే గొంతులు వినిపిస్తుంటే, లేదా ఒకరు పూర్తిగా ముడుచుకుపోతుంటే, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మొక్కు మొక్కుకోవద్దని మేం అనడం లేదు. మొక్కుకుంటూనే డాక్టరు దగ్గరికీ వెళ్లండి.

మీ దగ్గర దయ్యాలను పట్టే మీటర్లు ఉన్నాయా?

దయ్యాన్ని పట్టే మీటరు లేదు. అయస్కాంత క్షేత్రం కొలిచే మీటరు ఒకటుంది, పాత వైరింగు ఎక్కడెక్కడ పోతోందో చూడటానికి బాగా పనికొస్తుంది. టీవీల్లో దాని లైటు ఎర్రగా వెలగగానే కేకలు పెడతారు. గోడలో ఎర్తింగు లేని వైరున్నా వెలుగుతుంది, పక్కవాడి ఫోను మోగినా వెలుగుతుంది. ఫోన్లో వేసుకునే దయ్యాల యాప్‌ల గురించి మాట్లాడటం కూడా దండగ. మా సంచిలో ఉండేవి: రెండు టార్చిలు, వేడీ తేమా చూపించే చిన్న గడియారం, టేపు, మేస్త్రీల తూకంగుండు, ముగ్గుపిండి, దారపు ఉండ, ఫ్లాస్కులో టీ.

చెవికి వినబడని శబ్దం గురించి చదివి అడిగేవాళ్లున్నారు. అది నిజంగా ఆసక్తికరమైన సంగతే. విక్ టాండీ అనే ఇంగ్లిషు ఇంజనీరు తాను పనిచేసే ల్యాబులో ఒక రాత్రి చెమటలు పట్టి, కంటి కొసన బూడిదరంగు ఆకారం చూశాడు. మర్నాడు కత్తిసాము కత్తిని బిగించి పెడితే అది తనంతట అదే వణికింది. వెతికితే కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను సెకనుకు దాదాపు 19 కంపనాల శబ్దం పుట్టిస్తోంది. మన చెవి 20కి తక్కువ వినలేదు. ఫ్యాను సరిచేశాక బాధ పోయింది. 1998లో దీన్ని వ్యాసంగా వేశారు. అప్పట్నుంచి ప్రతి పాత కొంపకీ ఇదే జవాబని చెప్పేవాళ్లు తయారయ్యారు. మేం చూసిన ఇళ్లలో ఒక్కచోటా ఇది జవాబు కాలేదు. మానుపిల్లి మాత్రం నాలుగుసార్లు అయింది.

ఫొటోలో పడింది. తెల్లటి గుండ్రాలు, ఒక దాంట్లో పారదర్శకంగా మనిషి. చూస్తారా?

పంపండి, చూస్తాం. గుండ్రాలు లెన్సు దగ్గర్లో ఎగిరే దుమ్ము, పురుగు, మంచుతుంపర. ఫ్లాషు పడి మెరుస్తాయి. ఫ్లాషు ఆపి తీస్తే పోతాయి. ఫోన్లో నైట్ మోడ్ అంటే కొన్ని సెకన్లపాటు చాలా బొమ్మలు తీసి ఒకదానిమీద ఒకటి పేర్చడం. ఆ సెకన్లలో ఎవరైనా అడ్డం నడిస్తే వెనక గోడ కనబడేలా, కాళ్లు లేకుండా పడతారు. మీ బావమరిదిని చెప్పులు లేకుండా మెల్లగా నడవమని చెప్పి మళ్లీ తీయండి, అదే దయ్యం వస్తుంది.

హాస్టల్లో ఆత్మలను పిలుస్తామని ప్లాంచెట్ పెడితే గ్లాసు దానంతటదే కదిలిందంటున్నారు?

కదిలింది, కదిపింది వేళ్లే. కదుపుతున్నామని వాళ్లకే తెలియదు, మోసం కాదు. చుట్టూ కూర్చుని చేతులు పెడితే బల్ల దానంతటదే కదులుతుందనేవాళ్ల విషయంలో మైకేల్ ఫారడే 1853లోనే ఇది చేసి చూపించాడు. కళ్లకు గంతలు కట్టి, అక్షరాల చోట్లు మార్చి ఆడమనండి. ఒక్క మాట కూడా పూర్తిగా రాదు.

మన కోటల్లో యుద్ధాలు జరిగాయి, ఎందరో చచ్చిపోయారు. అక్కడ ఉండవా?

కథ విన్నప్పుడల్లా ముందు తేదీలు సరిచూడమంటారు మా మాస్టారు. బొబ్బిలి కోట చూడ్డానికొచ్చి, "ఈ గోడల మధ్యే అంతమంది కాలిపోయారట" అని భయపడేవాళ్లుంటారు. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. ఆ కోట ఆనాడే నాశనమైంది. ఇప్పుడు మనం చూసే కోట ఆ తర్వాత చాలాకాలానికి కట్టింది. యుద్ధం జరిగిన చోట 1891లో నిలబెట్టిన స్మారకస్తంభం ఉంది. కథలో చెప్పిన గది ఆ కాలంలో అసలు లేదని తేలితే సగం పని అయిపోయినట్టే. మెట్లు, మరుగుదొడ్లు, కరెంటు గది లాంటివి తర్వాత చేర్చినవైతే మరీ సులువు.

విజయనగరం కోట 1713లో మొదలైంది. లోపలి మోతీమహల్ 1869 నాటిది. ఆ కోటలో కాలేజీలు నడుస్తున్నాయి. కోరుకొండ ప్యాలెస్‌లో 1962 నుంచి సైనిక్ స్కూలు ఉంది. అన్నేళ్లుగా అంతమంది పిల్లలు పరుగులు తీసే చోట దయ్యం కథ ఎందుకు బతకదంటే, అక్కడ చప్పుడైతే "ఎవడ్రా అది" అని అడిగే మనిషి ఉంటాడు కాబట్టి. తాళం పడిన ఇంట్లోనే అడిగేవాడుండడు.

బ్రిటన్‌లో రిచర్డ్ వైజ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌లోనూ, ఎడిన్‌బరో వంతెన కింది గదుల్లోనూ సందర్శకులను అడిగి చూసింది. ఆ చోట్ల గురించి ముందే కథలు విననివాళ్లు కూడా ఎక్కువగా "ఇక్కడేదోలా ఉంది" అన్నది పేరుపడ్డ చోట్లలోనే. ఆ చోట్లకు వెలుతురు, గది పరిమాణం లాంటి తేడాలున్నాయి. అంటే భయం వట్టి కథ వల్లే రాదు, గదికి కూడా అందులో చెయ్యి ఉంది. ఈ మాట నాకు నచ్చింది. చెప్పినవాళ్లను అబద్ధాలకోర్లు అనకుండా పని చేసుకోవచ్చు.

అర్ధాంతరంగా పోయినవాళ్లు దయ్యాలవుతారని పెద్దలంటారు కదా?

అంటారు. కానీ మన ఊరి పెద్ద కథ వేరే చెబుతుంది. బొబ్బిలి యుద్ధంలో గెలిచిన పూసపాటి విజయరామరాజును కొద్దిరోజులకే తాండ్ర పాపారాయుడు గుడారంలో చంపాడు. యుద్ధం వద్దని వేడుకున్న చెల్లెలు పైడిమాంబ అన్న సంగతి తెలిసి దారిలోనే ప్రాణం విడిచిందని, పెద్దచెరువులో తన విగ్రహం దొరుకుతుందని చెప్పి పోయిందని జనం చెబుతారు. అన్న హత్య, యుద్ధం, పెళ్లికాని పిల్ల చావు, చెరువు. దయ్యం కథకు ఇంతకంటే ఏం కావాలి? అయినా ఆమె దయ్యం కాలేదు, ఊరికి అమ్మవారైంది. ఏటా విజయదశమి తర్వాత మంగళవారంనాడు సిరిమాను (కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) మూడు లాంతర్ల గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఊళ్లలో పేరంటాళ్ల గుళ్లు కూడా చాలావరకు ఇలాంటివే. పోయినవాళ్లను భయంతో తలచుకోవాలా, ఆడపడుచులా తలచుకోవాలా అన్నది ఊరు తేల్చుకున్న విషయం. ఒక లోగిలిలో బావిలో పడి పోయిన కోడలి గురించి నలభై ఏళ్లుగా కథలు చెబుతుంటే, ఆ ఇంటి కొత్త కోడలు ఆమె పేరున ఏటా ఒక చీర పెట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత అక్కణ్నుంచి మాకు ఫోన్ రాలేదు. మేం చేసిందేమీ లేదు.

సూర్యాస్తమయం తర్వాత లోపలికి రానివ్వరంటే అక్కడేదో ఉన్నట్టే కదా?

రాజస్థాన్‌లో దయ్యాల కోటగా పేరుపడ్డ భాన్‌గఢ్‌లో, చీకటి పడ్డాక రాకూడదని పెట్టిన బోర్డు ఫొటో చూసి అడుగుతున్నారు. పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో పొద్దు కుంకితే మూసెయ్యడం మామూలు నిబంధన. మన శ్రీకాకుళం జిల్లా బౌద్ధ క్షేత్రం శాలిహుండంలోనూ చీకటి పడ్డాక కొండెక్కనివ్వరు. ఆ పేరుకు "ఎముకల పెట్టె" అని అర్థం చెప్పుకుని భయపడేవాళ్లున్నారు. శల్యపేటిక అనే మాట నుంచి వచ్చిందని ఒక వాదన, శాలివాటిక నుంచి అని ఇంకొకటి. శల్యమే అయినా అది బౌద్ధులు స్తూపంలో భక్తితో దాచుకున్న ధాతువు, అంటే పవిత్ర అవశేషం. దాన్ని చూసి జడుసుకోవడం వాళ్లను అవమానించడమే.

మేమే నలుగురు కుర్రాళ్లం రాత్రి వెళ్లి వీడియో తీస్తాం. సలహా ఇస్తారా?

ఇస్తాం: వెళ్లొద్దు. పాడుబడ్డ మేడలో మిమ్మల్ని చంపగలిగినవి చాలా ఉన్నాయి, ఏదీ దయ్యం కాదు. చెదపట్టిన దూలం పైకి గట్టిగానే కనబడుతుంది, కాలు పెడితే దిగిపోతుంది. గట్టు లేని బావి మీద తీగలు అల్లుకుని ఉంటాయి. ఇటుకల సందుల్లో కట్లపాము, రక్తపింజర. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపానుల దెబ్బ తిన్న కప్పులు ఇంకా బాగు చెయ్యనివి ఉన్నాయి. గబ్బిలాల పెంట ఎండి పొడి అయినచోట మాస్కు లేకుండా ఊడ్చినా ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది.

ఇక అనుమతి. పాడుబడిందంటే ఎవరిదీ కాదని కాదు. ఇంటివాళ్ల అనుమతి లేకుండా దూరితే భారతీయ న్యాయ సంహిత 329 సెక్షను కింద కేసు. రక్షిత కట్టడానికి నష్టం చేస్తే 1958 నాటి చట్టం కింద రెండేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా. మేం రాసిచ్చిన అనుమతి లేకుండా గుమ్మం దాటం. పగలు ఒకసారి ఇల్లంతా తిరిగి, ఎక్కడ కాలు పెట్టకూడదో సుద్దతో కాకుండా గుడ్డపీలికలతో గుర్తు పెట్టుకుని, అప్పుడు రాత్రి కూర్చుంటాం. కూర్చోవడమంటే కూర్చోవడమే. మా కెమెరాలో ఎనిమిది గంటల వీడియోలో ఏడున్నర గంటలు మా ఓవర్సీరుగారి ఆవలింతలు.

ఇది ఎవరు చేయించారో కనిపెట్టగలరా?

ఈ ప్రశ్న అడిగితే మేం సంచి సర్దుకుని లేస్తాం. ఒకసారి సర్దుకున్నాం కూడా.

మన వైపు చిల్లంగి (చేతబడి) అనే మాట ఎంత చెడ్డదో బయటివాళ్లకు తెలియదు. ఇంట్లో చప్పుడైతే దయ్యం, పశువు చస్తే దయ్యం, పిల్లాడికి జ్వరమొస్తే దయ్యం. అక్కడితో ఆగితే పరవాలేదు. "పెట్టిందెవరు" అని అడగ్గానే ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ మీదికో, గొడవ పడ్డ దాయాది మీదికో పోతుంది. చిల్లంగి పెడుతున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన కేసులు ఉత్తరాంధ్రలో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఒక మేడలో రాళ్లు పడుతున్నాయని పిలిచారు. మేం వెళ్లేసరికే భూతవైద్యుడు వచ్చి పనిమనిషి పేరు చెప్పి వెళ్లాడు. ఆ అమ్మాయిని గదిలో కూర్చోబెట్టి అడుగుతున్నారు. మేం చేసిన మొదటి పని ఆమెను ఇంటికి పంపించమనడం. ఒప్పుకోకపోతే పోలీసులకు చెబుతామన్నాం, చెప్పేవాళ్లమే. రాళ్ల సంగతి తర్వాత తేలింది. పక్క ఖాళీ స్థలంలో మామిడిచెట్టుకు రాళ్లు వేసే పిల్లలు. వాళ్ల పేర్లు కూడా ఇంటివాళ్లకు చెప్పలేదు.

కాబట్టి మా నియమం ఇది. చప్పుడుకు కారణం చెబుతాం, మనిషి పేరు చెప్పం. మా రిపోర్టులో పనివాళ్ల పేర్లు, ఇరుగుపొరుగు పేర్లు ఉండవు. మీరు ఇప్పటికే ఎవరినైనా అనుమానిస్తుంటే, మాకు కాదు, 112కి ఫోన్ చేసే పరిస్థితి రాకుండా ముందు ఆ మనిషిని వదిలెయ్యండి.

దయ్యం లేదని కాగితం రాసిస్తే ఇల్లు అమ్ముకుంటాం. ఇస్తారా?

ఇవ్వం. చూసింది చూసినట్టు రాసిస్తాం, అంతే. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. కథ పుట్టాక ధర పడిపోయిందని బాధపడేవాళ్లున్నట్టే, ధర పడిపోవాలని కథ పుట్టించేవాళ్లూ ఉన్నారు. వందేళ్ల మేడ చవగ్గా కొని, టేకు దూలాలు ఊడదీసి అమ్మి, స్థలం ప్లాట్లు వెయ్యాలనుకునేవాడికి దయ్యం మంచి బ్రోకరు. మమ్మల్ని పిలిచింది ఇంటివాళ్లా, కొనబోయేవాళ్లా అని ఇప్పుడు ముందే అడుగుతున్నాం.

మీకు అంతుపట్టనివి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. వాటి ముందు "తేలలేదు" అని రాసుకుంటాం. "దయ్యం" అని రాయం, "కాదు" అని కూడా రాయం.

ఒక లోగిలిలో నడిమింట్లో ఉయ్యాలబల్ల ఉంది. ఇత్తడి గొలుసులు, పనసచెక్క. మధ్యాహ్నం మూడింటప్పుడు, తలుపులన్నీ మూసి ఉండగా, అది ఊగుతుంది. ఇంటి పెద్దామె చెప్పింది, ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. మూడు రోజులు కూర్చున్నాం. దారం కట్టి చూశాం, అగరొత్తి పొగతో గాలి చూశాం, దూలం బిగువు చూశాం. రెండోరోజు మూడూ పది నిమిషాలకు మా నలుగురి కళ్లెదురుగా అది అటొక జానా, ఇటొక జానా ఊగింది. ఒక నిమిషం లోపే ఆగింది. గొలుసు చప్పుడు కూడా రాలేదు. తర్వాత మళ్లీ ఊగలేదు. రైలు లేదు, గాలి లేదు, పిల్లి లేదు. అమావాస్యనాడు పనుండే మా మిత్రుడు ఆ రోజు వచ్చాడు, మాట్లాడలేదు.

పెద్దామె ఉయ్యాలను పైకి లాగి గొలుసులతో దూలానికి కట్టించింది. వేసవి సెలవులకు మనవలు వచ్చి మొదటిరోజే విప్పేశారట. ఇప్పుడు పగలంతా ఊగుతూనే ఉంటుంది కాబట్టి, మూడింటికి ఊగుతోందో లేదో చెప్పడం కష్టమని ఫోన్లో నవ్వింది.